జాబా, అర్జీయా? – చీనా దర్బారునకు కుంపిణీవారి రాయబారములు



నేను పంతులుపనిలో నున్న కాలమున, సాయంకాలము బడి విడిచినపిమ్మట, మా యింటి అరుగుమీద అర్జీలు వ్రాయుపని సాగుచుండెడిది. చుట్టుప్రక్కల గ్రామములనుండి రైతులు వచ్చి, తమ మొఱలు నాచేత వ్రాయించుకొని పోవుచుండిరి. ముందు పలకమీద చిత్తు వ్రాసి, వారికి చదివి వినిపించి, వారు సరియనిన పిమ్మటనే కాగితముపై కెక్కించుట నా యలవాటు. పలకలకు మార్కాపురము పెట్టినది పేరు గదా.

ఒకనాడు ఒక పెద్దరైతు వచ్చి, ప్రక్కపొలము బావమఱదికి కాలువ గట్టు విషయమై జాబు వ్రాయుమనెను. కచేరీ అర్జీలకు అలవాటుపడిన చేయి కనుక, నేను “తాము గట్టు త్రవ్వినందున నాకు నష్టము వాటిల్లినది, తగిన జవాబు ఇయ్యవలెను” అని వ్రాసి యిచ్చితిని. మఱునాడు ఆ జాబు విప్పకుండనే తిరిగివచ్చెను. “బావ యనుమాట లేని కాగితము నేను ముట్టను. ఇది జాబు కాదు, నోటీసు” అని ఆ బావమఱది పంపివేసెనట. ఆ పిమ్మట వారిరువురును కోర్టు కెక్కిరి. రెండు కార్లు పైరు ఎండినది. గట్టు కంటె జాబులోని పిలుపే ఆ తగవును పెంచినదని నేను తెలిసికొనునప్పటికి కాలము మించిపోయెను.

ఈ చిన్న తగవువంటిదే యొక పెద్ద తగవు చీనాచక్రవర్తులకును, మన దేశమునేలిన ఆంగ్లేయులకును నడుమ ఎనుబది యేండ్లకు పైబడి నడచినది. అందు రాయబారిగా వెళ్లిన ముఖ్యుడు అంతకుమునుపు మద్రాసు గవర్నరుగా నుండినవాడు. ఆ రాయబారములు విఫలములైన పిమ్మట, తుపాకి పట్టుకొని ఆ దేశపు వరిమళ్లలో నిలిచినవారిలో మద్రాసు సిపాయీలును ఉండిరి. కావున ఇది దూరదేశపు కథయైనను, మనకు సంబంధములేని కథ కాదు.

మొదట చీనావారి పద్ధతి చెప్పవలెను. అప్పుడు ఆ దేశమును ఏలుచుండినది మంచూవంశము. వారి రాజనీతిలో చక్రవర్తి యొక్కడే. తక్కిన దేశముల రాజులు ఆయనకు కప్పము తెచ్చువారు. సమానుడైన వేఱొక రాజు కలడనుమాట ఆ దర్బారు నిఘంటువులోనే లేదు. పాశ్చాత్య వర్తకులకు 1757 మొదలు ఒక్క కాంటను రేవు మాత్రమే తెఱచి యుంచిరి. అచ్చటను వారు అధికారులతో నేరుగా మాటాడరాదు. హాంగు వర్తకులనబడు కొందఱు స్వదేశవర్తకుల ద్వారా అర్జీ పెట్టుకొనవలెను. అర్జీయనగా క్రిందివాడు పైవానికి వ్రాయునది. జాబనగా సమానుడు సమానునకు వ్రాయునది. నా కథ యంతయు ఈ రెండు మాటల నడుమనే తిరుగును.

1759లో తూర్పు ఇండియా కుంపిణీ ఉద్యోగి జేమ్సు ఫ్లింటు అనునతడు, కాంటను సుంకపుటధికారి చేయు అన్యాయములను చక్రవర్తికి విన్నవింపదలచి, ఉత్తరమునకు ఓడనెక్కి పోయి అర్జీ నందించెను. చక్రవర్తి విచారణ జరిపించి ఆ సుంకపుటధికారిని తొలగించెను. కాని నిబంధన మీఱి వచ్చినందుకు ఫ్లింటును మూడేండ్లు మకావులో చెఱనుంచి, పిమ్మట దేశమునుండి వెడలగొట్టిరి. ఆ అర్జీని చీనాభాషలో వ్రాయుటకు తోడ్పడిన చీనావానికి మాత్రము శిరచ్ఛేదము విధించిరి. అయ్యా, ఊరివారికి అర్జీలు వ్రాసిపెట్టిన నాకు ఈ సంగతి చదివినప్పుడెల్ల మెడమీద చేయి వేసికొనవలెననిపించును. మొఱ నిజమని తేలినది, దోషికి ఉద్యోగము పోయినది, వ్రాసిపెట్టినవానికి తల పోయినది!

సముద్రపుదారి ఇట్లు మూసికొనిపోగా, వంగదేశమున గవర్నరుగా నుండిన వారన్ హేస్టింగ్సు కొండదారి వెదకెను. 1774లో భూటానువారి పక్షమున టిబెట్టునందలి పంచెన్ లామా హేస్టింగ్సునకు ఒక జాబు వ్రాసెను. దానిని తెచ్చినవారిలో పురంగిరి గోసాయి యనునతడు ముఖ్యుడు. ఆ కాలమున గోసాయీలు యాత్రలు చేయుచు, వ్యాపారమును నడపుచు, హిమాలయపు కనుమలలో కాలినడకను తిరుగుచుండిరి. హేస్టింగ్సు వెంటనే జార్జి బోగిలు అనువానిని రాయబారిగ పంపెను. పంచెన్ లామా అతనిని ఆదరించి, పెకింగునందు మంచిమాట చెప్పెదనని వాగ్దానము చేసెను. 1780లో ఆ లామా చక్రవర్తి పిలుపుమీద పెకింగునకు పోయెను. పురంగిరియు వెంట వెళ్లెను. కాని అచ్చటనే మశూచి సోకి లామా మరణించెను. మఱుసటి యేడు బోగిలును కలకత్తాలో మరణించెను. ఇద్దఱు మంచి మనుష్యుల పరిచయముపై కట్టిన వంతెన ఆ యిద్దఱితోనే కూలినది.

ఇక మద్రాసు గవర్నరు సంగతి. జార్జి మకార్ట్నీ ఐర్లండు దేశస్థుడు. 1781 జూనులో మద్రాసు చేరి పదవి స్వీకరించెను. ఆనాడు హైదరాలీ దండు కర్ణాటకమును దగ్ధము చేయుచుండెను. 1779లో హైదరు కడప నవాబును జయించుటచేత, నల్లమలకును వెలికొండకును నడుమనున్న మన సీమయు అతని యేలుబడిలోనికి పోయియుండెను. అనగా మద్రాసు గవర్నరునకు ఆ నాళ్లలో మన సీమ పగవాని సీమ. హైదరు మరణించిన పిమ్మట, అతని కుమారుడైన టిప్పుతో 1784 మార్చిలో మంగుళూరు సంధి జరిగినది. ఆ సంధికై మకార్ట్నీ పంపిన ముగ్గురు రాయబారులలో అతని కార్యదర్శి జార్జి స్టాంటను ఒకడు. పగవాని గుడారమునకు పోయి మాటాడుట యెట్టిదో వీరిరువురకును మనదేశమే నేర్పినదనవచ్చును.

అదే 1784లో ఇంగ్లండునందు తేయాకుపై సుంకమును విశేషముగా తగ్గించిరి. తేయాకు వాడుక మిక్కిలి పెరిగెను. తేయాకు దొరకునది చీనాలోనే. చీనావారు కోరునది వెండియే. గది నిండ గడియారములు, ఉన్నివస్త్రములు చూపినను వారికి వానియం దాశలేదు. వెండి ధారగా పోవుచుండుట చూచి, కుంపిణీవారు చక్రవర్తితో నేరుగా మాటాడుటకై మకార్ట్నీని ఇంగ్లండు రాజు పేర రాయబారిగా పంపనిశ్చయించిరి. ఖర్చు కుంపిణీది, ముద్ర రాజుది. స్టాంటను అతనికి తోడు.

దుబాసీ దొరకుటయే మొదటి కష్టము. ఇంగ్లండునందు చీనాభాష నెఱిగినవాడు లేడు. తుదకు ఇటలీలోని నేపుల్సు నగరమున క్రైస్తవమతవిద్య నభ్యసించిన ఇద్దఱు చీనా గురువులు దొరకిరి. వారికి ఇంగ్లీషు రాదు, లాటిను వచ్చును. కావున దొర ఇంగ్లీషుమాట లాటినులోనికి, లాటినునుండి చీనాలోనికి మాఱవలెను. స్వదేశము సమీపింపగా, పరదేశీయుల కొలువులో పట్టుబడినచో ఏమగునోయని యొకడు మకావులోనే నిలిచిపోయెను. లీ అనునతడు మాత్రము ఆంగ్లేయుల దుస్తులు తొడిగి, ఆంగ్లనామము పెట్టుకొని, ప్రాణములకు తెగించి వెంట నడచెను. ఫ్లింటు అర్జీ కథ జరిగి అప్పటికి ముప్పదినాలుగేండ్లే.

1792 సెప్టెంబరు 26వ తేదీన ఓడలు ఇంగ్లండు విడిచెను. మఱుసటి వేసవిలో ఉత్తర చీనాతీరము చేరెను. గ్రహగతులను చూపు యంత్రములు, గోళములు, దూరదర్శినులు, ఫిరంగులు మొదలగు కానుకలు వందలకొలది పెట్టెలుగ దింపిరి. నదిలో పోవు పడవలకు చీనావారు జెండాలు కట్టిరి. వానిపై ఇంగ్లండునుండి కప్పము తెచ్చు రాయబారి యని వ్రాసియుండెను. మకార్ట్నీకి ఆ వ్రాత యర్థము తెలిసినది. తెలిసియు తెలియనట్లుండెను. ఇది నేర్పా, పొరపాటా యని తరువాతివారు వాదించుకొనిరి. కాని ఆ జెండా క్రింద ప్రయాణము చేసినంతకాలము చూచు జనులకు అతడు కప్పము తెచ్చినవాడే గదా.

పిమ్మట నమస్కారపు తగవు. చక్రవర్తి యెదుట మూడుమార్లు మోకరిల్లి, ప్రతిమారును ముమ్మారు చొప్పున తొమ్మిదిమార్లు నొసలు నేల కానింపవలెను. మనకు సాష్టాంగనమస్కారము కొత్త కాదు. చెన్నకేశవస్వామి సన్నిధిలోనో, గురువు పాదములకడనో చేయుదుము. కాని పొరుగురాజు దూత యది చేసినచో, అతనిని పంపిన రాజే చేసినట్లని లోకము తలచును. మకార్ట్నీ యొక యుక్తి చెప్పెను. నాతో సమానమైన పదవిగల చీనా అధికారి మా రాజు చిత్రపటమునకు అదే నమస్కారము చేసినచో, నేనును చక్రవర్తికి చేసెదననెను. వారు సమ్మతింపలేదు. తుదకు 1793 సెప్టెంబరు 14న జెహోలు నగరపు ఉద్యానమున, పెద్దగుడారములో, మకార్ట్నీ తన రాజునకు చేయునట్లు ఒక్కమోకాలిపై వంగి, రత్నములు పొదిగిన పెట్టెలో తెచ్చిన జాబును చియెన్‌లుంగు చక్రవర్తి కందిచ్చెను. ఆంగ్లేయుల వ్రాతలు ఇట్లు చెప్పుచున్నవి. ఆ సభలో స్టాంటను కుమారుడు పండ్రెండేండ్ల బాలుడుండెను. ఓడలో దుబాసీలయొద్ద చీనాభాష నేర్చినవాడు. చక్రవర్తి అతనిని పిలిచి మాటాడించి, సంతోషించి, తన నడుమున కట్టుకొనిన సంచి నూడదీసి బహుమతిగా నిచ్చెను. ఆ రాయబారమంతటిలో నడుమ తెరలేని మాటలు ఆ ముసలిచక్రవర్తికిని ఆ పిల్లవానికిని నడుమ నడచిన నాలుగు మాటలే.

అయితే ఒక విషయము మకార్ట్నీకి తెలియదు. తాను చీనా చేరకమునుపే హిమాలయములలో యుద్ధము జరిగియుండెను. 1791లో నేపాళపు గూర్ఖాలు టిబెట్టుపైబడి, బోగిలు పూర్వము అతిథిగానుండిన పంచెన్ లామా మఠమునే దోచిరి. 1792లో చీనా సేనాని ఫుకాంగన్ వారిని తఱుముకొనుచు నేపాళము లోతట్టునకు దిగెను. కలకత్తాలోని కారన్‌వాలిసు దొరకు రెండు పక్షములనుండియు సహాయముకొఱకు జాబులు వచ్చెను. ఆయన యెవరికిని సైన్యము నీయక, మధ్యవర్తిత్వము చేసెదనని కర్క్‌పాట్రికు అనునతనిని పంపెను. అతడు పోవునప్పటికే సంధి ముగిసినది. ఈ నడుమ చీనావారికి, గూర్ఖాలకు ఆంగ్లేయులు లోపాయికారిగా తోడ్పడిరను అనుమానము కలిగినది. ఆ మాట చీనా అధికారుల నోట వినినప్పుడు మకార్ట్నీ నివ్వెఱపోయి, అది కల్ల యని చెప్పెను. కాని కలకత్తానుండి అతనికి వార్తయే లేదు. ఏమి జరిగినదో తెలియనివాడు కాదని చెప్పినను, వినువారికి నమ్మిక కలుగునా? ఆ సేనాని ఫుకాంగనే జెహోలులో అతని కెదురుపడెను. నా అంగరక్షకుల కవాతు చూడుడని మకార్ట్నీ కోరగా, అందు నాకు కొత్త యేమియు లేదని పెడముఖము పెట్టెను. హేస్టింగ్సు తెఱచిన టిబెట్టు ద్వారమును ఆ యుద్ధముతోనే మూతపడినది. గోసాయీలకు సైతము ఆ దారి నిలిచిపోయినది.

కౌటిల్యుడు అర్థశాస్త్రమున దూతలను మూడు తెఱగులుగ విభజించెను. కార్యమునంతటిని తానే నిర్ణయించి మాటాడగలవాడు నిసృష్టార్థుడు. చెప్పినంతమట్టునకే మాటాడువాడు పరిమితార్థుడు. పత్రము నందిచ్చి పోవువాడు శాసనహరుడు. మకార్ట్నీ తన్ను తాను నిసృష్టార్థుడనుకొని వచ్చెను. చీనాదర్బారు అతనిని కానుకలు మోసికొనివచ్చిన శాసనహరునిగా చూచెను. దూత యొక తరగతి వాడనుకొని రాగా, ఎదుటివారు వేఱొక తరగతివానిగా నెంచినప్పుడు, ఎంత తియ్యని మాటయు చెవి కెక్కదు.

మకార్ట్నీ కోరినవి ఏవనగా: పెకింగునందు ఇంగ్లండు రాయబారి యొకడు నిలిచియుండవలెను, నింగ్‌పో, చూసాను, తియెన్‌త్సిను రేవులలో వర్తకమునకు అనుమతి కావలెను, సరకు దాచుకొనుటకు చూసాను దాపున చిన్నదీవి, కాంటను దాపున కొంతచోటు కావలెను, సుంకములు తగ్గవలెను. చక్రవర్తి యన్నిటిని నిరాకరించెను. మాకు మీ వస్తువుల యవసరము లేదనియు, పూర్వాచారము మార్పనొల్లమనియు ఆ యుత్తరువు సారాంశము. అక్టోబరు 7న రాయబారులు పెకింగు విడిచిరి.

ఆ యుత్తరువు గర్వమని ఆంగ్లేయులు పరిహసించిరి. కాని శ్రోతలారా, మనము పరిహసింపవచ్చునా? సరకు దాచుకొనుటకు కొంతచోటు కావలెనని అడిగినవారే 1639లో చంద్రగిరివారి నాయకుల యొద్ద మద్రాసున చోటు సంపాదించిరి. ఆ చోటే కోట ఆయెను. కోట రాజ్యమాయెను. 1800లో నిజాము మన సీమను దత్తమండలములలో జేర్చి కుంపిణీ కప్పగించునాటికి, ఇసుకతిన్నెపై మొదలైన అంగడి నల్లమల పాదము చేరినది. చిన్నదీవి నీయనన్న ముసలిరాజు మన కథ నెఱిగియో యెఱుగకయో, మనవారు చేయని జాగ్రత్త చేసెను. ఆయన తప్పు దీవి నీయకపోవుటలో లేదు. జాబును జాబుగా పుచ్చుకొని సమాధానము చెప్పకపోవుటలో నున్నది.

1816లో ఆంహర్స్టు ప్రభువు రెండవ రాయబారము తీసికొనిపోయెను. నమస్కారపు తగవు తెగనందున, రాజభవనము చేరిననాడే అతనిని త్రిప్పి పంపివేసిరి. ఈ ఆంహర్స్టే 1823లో మనదేశమునకు గవర్నరు జనరలై వచ్చెను.

ఇంతలో వెండి సమస్యకు కుంపిణీవారు వేఱొక మందు కనిపెట్టియుండిరి. అది నల్లమందు. 1773లోనే వంగదేశపు నల్లమందును తమ గుత్తలోనికి తీసికొనిరి. బీహారు, కాశీ ప్రాంతముల రైతులచేత పండించి, కలకత్తాలో వేలము వేసి, చీనాలో నిషేధముగలదు కనుక తమ ఓడలలో గాక ప్రైవేటు వర్తకుల ఓడలలో పంపిరి. వెండి ధార వెనుకకు తిరిగెను. మర్యాదకై వాదులాడినవారి మూటలో ఈ సరకుండెనని మఱవరాదు. జాబుకు సమానగౌరవము కోరుట న్యాయమే. కాని పొరుగువాని యింటిలోనికి దొంగదారిని విషము పంపుచు గౌరవము కోరుట ఏ నీతిశాస్త్రమునను న్యాయము కాదు.

1834లో కుంపిణీవారి చీనా వర్తకపు గుత్త రద్దాయెను. వర్తక పర్యవేక్షకుడుగా నేపియరు ప్రభువు వచ్చి, కాంటనులోని రాజప్రతినిధికి నేరుగా జాబు వ్రాసి పంపెను. నగరద్వారమున అతని మనుష్యులు ఆ జాబు చేతబట్టుకొని గంటలకొలది ఎండలో నిలిచిరి. ఒకరి తరువాత నొకరు అధికారులు వచ్చి చూచిరి. అది అర్జీ రూపమున లేదని ఒక్కరును ముట్టరైరి. వర్తకము నిలిపివేసిరి. ఇటు యుద్ధనౌకలు నదిలోనికి చొచ్చెను. నేపియరు జ్వరపడి, మకావునకు మరలి, అక్టోబరు 11న మరణించెను. ఆ పిమ్మట వచ్చిన చార్లెసు ఎలియటు 1836 తుదిని అర్జీ రూపమునకే ఒప్పుకొని మాటలు మొదలుపెట్టెను. లండనులోని మంత్రి పామర్‌స్టను అట్లు వ్రాయరాదని మందలించెను. దగ్గఱ నున్నవానికి దారి కనబడినది. దూరమున నున్నవానికి గౌరవమే కనబడినది.

1839లో చీనా అధికారి లిన్ సేసూ ఆంగ్లేయుల యొద్దనుండి 20,000 పెట్టెలకు పైబడిన నల్లమందును స్వాధీనము చేసికొని నాశనము చేయించెను. యుద్ధము వచ్చెను. సిపాయీలను మద్రాసునుండి, వంగదేశమునుండి ఓడల కెక్కించిరి. తెలుగువారు, అరవవారు, మహమ్మదీయులు కలసిన సైన్యము మద్రాసు సైన్యము. 1841 మే 30న కాంటను దాపున శాన్‌యువాన్‌లీ యనుచోట, 37వ మద్రాసు పటాలములోని యొక కంపెనీ జడివానలో దారి తప్పినది. వేలకొలది గ్రామస్థులు బల్లెములతో, పొడుగు కఱ్ఱలతో చుట్టుముట్టిరి. చెకుముకి తుపాకులు తడిసి పేలలేదు. సిపాయీలు చతురముగా నిలిచి, బయొనెట్లతో కాచుకొనిరి. రాత్రి తడిసినను పేలు కొత్త తుపాకులుగల ఓడ సైనికులు వచ్చి వారిని విడిపించిరి. ఆలోచింపుడు. ఆ బురదమడిలో ఒకవైపు నిలిచినవారు మనవంటి పల్లెలనుండి జీతముకొఱకు పోయినవారు. మఱొకవైపు నిలిచినవారు తమ ఊరు కాచుకొనుచున్న రైతులు. ఆ యిరువురలో ఎవరును ఎవరికిని జాబు వ్రాయలేదు, అర్జీ పెట్టలేదు, నల్లమందు అమ్మలేదు.

1842 ఆగస్టు 29న నాన్‌కింగు సంధి జరిగినది. హాంకాంగు దీవి ఆంగ్లేయుల వశమాయెను. ఐదు రేవులు తెఱచిరి. 2 కోట్ల 10 లక్షల డాలర్లు చెల్లింప నొప్పుకొనిరి. మకార్ట్నీ యడిగిన చిన్నదీవికి బదులు వేఱొక దీవి ఫిరంగులచేత దొరకినది. ఆ సంధిలో పదునొకండవ షరతు వేఱొకటి గలదు. ఇరువైపుల గొప్ప యుద్యోగులు ఒకరికొకరు ఏ మాటతో జాబు వ్రాయవలెనో, చిన్నవారు పెద్దలకు ఏ మాటతో వ్రాయవలెనో, వర్తకులు ఏ మాటతో వ్రాయవలెనో అందు నిర్ణయించిరి. గొప్పవారి నడుమ అర్జీ యనుమాట పోయినది. వర్తకులకు మాత్రమది నిలిచినది. 1858 నాటి తియెన్‌త్సిను సంధిలో, చీనా ప్రభుత్వపు కాగితములలో ఆంగ్లేయులను అనాగరికులను అర్థమిచ్చు అక్షరముతో పేర్కొనరాదని మఱియొక షరతు చేర్చిరి. 1759లో తల తీయించిన మాట, 1834లో ద్వారముకడ నిలిపివేసిన మాట, తుదకు రక్తముతో తడిసి సంధిపత్రమున కెక్కినది. ఆ నల్లమందు గూర్చి మాత్రము నాన్‌కింగు సంధిలో నిషేధపు మాట యొక్కటియు లేదు.

ఇందు నేర్వదగినది నాకు తోచినంతమట్టునకు విన్నవింతును. పిలుపు చిన్నవిషయమని తలచువారు కార్యము చెడగొట్టుకొందురు. పిలుపే సర్వమని పట్టుబట్టువారును కార్యము చెడగొట్టుకొందురు. ఎదుటివాడు దేనిని మర్యాదగా నెంచునో ముందు తెలిసికొనవలెను. మన మూటలో దాచినదేమో మనము ముందు విప్పి చూచుకొనవలెను. దుబాసీని కాపాడవలెను, ఏలయన ఇరువురి మాటయు వాని తలమీదనే నడచును. ఆంగ్లేయులు మొదటిదానిని అరకొరగా చేసిరి, రెండవదానిని చేయనేలేదు. చీనావారు మూడవదానిలో ఘోరముగా తప్పిరి.

నా రైతుల కథ ముగించి సెలవు తీసికొందును. రెండు కార్లు పోయిన పిమ్మట ఆ పెద్దరైతు మరల మా అరుగుమీదికి వచ్చెను. ఈసారి నేను కలము ముట్టకమునుపు “మీరాయనను ఇంట ఏమని పిలుతురు?” అని యడిగితిని. ఆయన కొంతసేపు మాటాడక, “చిన్నప్పటినుండి బావా అనియే” అనెను. పలకమీద ఆ మాట మొదట వ్రాసితిని. తరువాత “గట్టు విషయములో నా తప్పేమైన నున్నదా?” అని యడిగితిని. ఆయన చాలసేపు నేల చూచి, కొంత యున్నదనెను. దానిని రెండవ వరుసలో వ్రాసితిని. ఆ జాబు తిరిగిరాలేదు. ఆ సాయంకాలము బావమఱదియే నడచి వచ్చెను.